మీ ఫోటో ఎంత సైజు ప్రింట్‌కి పనికొస్తుంది? గింప్‌లో చూసుకునే పద్ధతి

"300 డీపీఐలో పంపండి సార్" అని ప్రింటింగ్ షాపు నుంచి మెసేజ్ వస్తుంది. చాలామంది వెంటనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి, రిజల్యూషన్ అని ఉన్న గడిలో 72 తీసేసి 300 కొట్టి, సేవ్ చేసి పంపేస్తారు. షాపులో కుర్రాడు కూడా ఫైల్ మీద 300 చూసి సరే అనుకుంటాడు. ప్రింట్ వచ్చాక చూస్తే ముఖం గళ్లు గళ్లుగా పగిలి ఉంటుంది. అక్కడి నుంచి "మీ ఫోటోయే బాగోలేదండీ" అని ఒకరు, "మీ మెషీనే బాగోలేదు" అని ఇంకొకరు.

ఆ గడిలో 300 అని రాసినందువల్ల ఫోటోలో కొత్తగా ఏమీ చేరలేదు. ఫోటోలో నిజంగా ఉండేవి పిక్సెళ్లే. అడ్డంగా ఇన్ని, నిలువుగా ఇన్ని, అంతే. పదిహేను చుక్కలు, పదిహేను వరుసల ముగ్గు గుర్తు తెచ్చుకోండి. చుక్కలు దగ్గర దగ్గరగా పెడితే గడప ముందు ఇమిడిపోతుంది, ఎడంగా పెడితే వాకిలంతా పరుచుకుంటుంది. ఎలా పెట్టినా చుక్కలు 225 మాత్రమే. పీపీఐ అనే అంకె చెప్పేది ఆ ఎడం గురించే: ఒక ఇంచ్‌లో ఎన్ని పిక్సెళ్లు సర్దాలి అని. షాపువాళ్లు డీపీఐ అంటున్నా ఫోటో విషయంలో వాళ్లు అడిగేది ఇదే. ఇంక్‌జెట్ ప్రింటర్ డబ్బా మీద 4800×1200 డీపీఐ అని కనిపించేది మాత్రం ఇంకు చుక్కల లెక్క. ఒక్క పిక్సెల్ రంగు రావడానికి ప్రింటర్ బోలెడు చుక్కలు కలిపి వేస్తుంది కాబట్టి దాని జోలికి మనం వెళ్లక్కర్లేదు.

మనకు కావలసిన సూత్రం ఒక్కటే. పిక్సెళ్లను పీపీఐతో భాగిస్తే ఇంచులు వస్తాయి. ఇంచులతో భాగిస్తే పీపీఐ వస్తుంది. మిగతాదంతా ఈ భాగహారం ఎక్కడ, ఎలా చేయాలన్నదే. నేను గింప్ అనే ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో చెబుతాను, ఎందుకంటే అది ఉచితం, విండోస్‌లోనూ లైనక్స్‌లోనూ మ్యాక్‌లోనూ పనిచేస్తుంది. ఫోటోషాప్ వాడేవాళ్లకు తేడా ఉన్న చోట విడిగా చెబుతాను.

ముందు అసలు ఫైల్ సంపాదించండి

ఈ ఒక్క పని సరిగ్గా చేస్తే మిగతా కష్టాల్లో చాలావరకు తీరిపోతాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో పొడవు వైపు సుమారు 1600 పిక్సెళ్లకు కుదించుకుపోతుంది, పైగా ఫైల్‌ని గట్టిగా నొక్కేస్తుంది. హెచ్‌డీ అని ఎంచుకుని పంపితే కొంత నయం. అసలుది అసలులాగే రావాలంటే పంపేవాళ్లను ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమని చెప్పండి. అటాచ్ గుర్తు నొక్కి, గ్యాలరీ బదులు డాక్యుమెంట్ ఎంచుకుని, అక్కడ ఆ ఫోటో ఫైల్‌ని పెట్టాలి. ఊళ్లో పెద్దవాళ్లకు ఇది ఫోన్‌లో చెప్పడం కొంచెం ఓపిక పని. ఇంట్లో పదో తరగతి చదివే పిల్లలుంటే ఫోన్ వాళ్లకివ్వమనండి, రెండు నిమిషాల్లో అయిపోతుంది. గూగుల్ డ్రైవ్ లింకు అయినా, కేబుల్ పెట్టి కాపీ చేసుకున్నా మంచిదే.

అన్నిటికన్నా అధ్వాన్నం స్క్రీన్‌షాట్. ఎవరి స్టేటస్‌లోనో కనిపించిన అడ్డం ఫోటోకి, ఫోన్ నిలువుగా పట్టుకుని స్క్రీన్‌షాట్ తీశారనుకోండి. స్క్రీన్ వెడల్పు 1080 పిక్సెళ్లయితే, నలుపు పట్టీలు కత్తిరించాక మీ చేతికొచ్చేది 1080×810. అసలు ఫోటో 4000×3000 ఉండి ఉండొచ్చు. అంటే దాదాపు పద్నాలుగు వంతుల్లో ఒక వంతు మిగిలిందన్నమాట. దీన్ని 300 పీపీఐలో ప్రింట్ వేస్తే 3.6 ఇంచులు. పర్సులో పెట్టుకోవడానికి బాగుంటుంది.

ఐఫోన్ ఫోటో అయితే హెచ్‌ఈఐసీ అనే రకంలో రావచ్చు. ప్రింట్ వేసే అన్ని ఫోటో ల్యాబుల్లోనూ అది తెరుచుకోదు. మీ దగ్గరే జేపెగ్‌గా మార్చి పంపడం మేలు.

పిక్సెళ్లు లెక్కపెట్టండి

గింప్‌లో ఫోటో తెరిచి, ఇమేజ్ మెనూలో అన్నిటికన్నా కింద ఉన్న ఇమేజ్ ప్రాపర్టీస్ నొక్కండి. ఆల్ట్, ఎంటర్ కలిపి నొక్కినా వస్తుంది. అందులో మూడు వరుసలు చూడండి: పిక్సెళ్లలో సైజు, ప్రింట్ సైజు, రిజల్యూషన్. మొదటిది నిజం. మూడోది ఫైల్ మీద అతికించిన చీటీ. ఆ రెండిటినీ భాగించగా వచ్చిందే రెండోది.

చాలా కెమెరా ఫోటోల్లో ఈ చీటీ మీద 72 అని ఉంటుంది. దాన్ని చూసి "అయ్యో, తక్కువ క్వాలిటీ" అని కంగారుపడొద్దు. ఫోటోతో పాటు కెమెరా ఫైల్‌లో రాసిపెట్టే వివరాల్లో (వీటినే ఎగ్జిఫ్ అంటారు) రిజల్యూషన్ అని ఒక గడి ఉంటుంది, అందులో ఏదో ఒక అంకె వేయాలి కాబట్టి కెమెరా 72 వేస్తుంది. 1984లో వచ్చిన తొలి మెకింతోష్ తెర మీద ఇంచ్‌కి 72 పిక్సెళ్లుండేవి. అచ్చు పనిలో వాడే పాయింట్ అనే కొలత కూడా ఇంచ్‌లో 72వ వంతు కావడంతో అక్షరం తెర మీదా కాగితం మీదా ఒకే సైజులో కనిపించేది. ఆ అంకె ఇప్పటికీ మనల్ని వదల్లేదు. 4000×3000 పిక్సెళ్లున్న ఫోటో మీద 72 రాసి ఉన్నా, 300 రాసి ఉన్నా, అది అదే ఫోటో.

గింప్ లేకుండా కూడా చూడొచ్చు. విండోస్‌లో ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, అందులో డీటెయిల్స్. ఫోన్‌లో గూగుల్ ఫోటోస్ అయితే ఫోటోని పైకి జరిపితే మెగాపిక్సెళ్లు, కొలతలు కనిపిస్తాయి. 50 మెగాపిక్సెళ్ల ఫోన్ అని కొన్నాక లోపల 12 మెగాపిక్సెళ్లే కనిపిస్తే మోసపోయామనుకోకండి. ఆ సెన్సర్లు మామూలు మోడ్‌లో నాలుగు పిక్సెళ్లను కలిపి ఒకటిగా చేసి భద్రపరుస్తాయి.

ఒక మాట. ఫైల్ ఎన్ని ఎంబీ ఉందన్నది చూసి సైజు తేల్చకండి. ఖాళీ ఆకాశం ఉన్న 12 మెగాపిక్సెళ్ల ఫోటో 2 ఎంబీ ఉండొచ్చు, ఆకులూ కొమ్మలూ ఉన్న అదే సైజు ఫోటో 7 ఎంబీ ఉండొచ్చు.

ఇప్పుడు భాగహారం

ల్యాబుల్లో మామూలుగా అడిగే సైజులకు 300 పీపీఐ లెక్కన కావలసిన పిక్సెళ్లు ఇవి:

4×6 ఇంచులకు 1200×1800
5×7 ఇంచులకు 1500×2100
8×12 ఇంచులకు 2400×3600
ఏ4 కాగితానికి 2480×3508
12×18 ఇంచులకు 3600×5400
పెళ్లి ఆల్బమ్‌లో 12×36 షీటుకు 3600×10800

చివరి వరుస చూశారు కదా, అది 39 మెగాపిక్సెళ్ల దగ్గరికి వస్తుంది. అందుకే ఆల్బమ్ డిజైనర్లు ఒక్క ఫోటోని షీటంతా పరవకుండా నాలుగైదు ఫోటోలు సర్దుతారు. అందం కోసం కూడా అనుకోండి.

అయితే 300 అనేది అన్నిటికీ పట్టుకోవాల్సిన నియమం కాదు. మామూలు చూపున్న కన్ను, డిగ్రీలో అరవయ్యో వంతు ఎడమున్న రెండు గీతలను విడివిడిగా గుర్తుపట్టగలదు. ఆ లెక్కన 3438 అనే అంకెను, చూసే దూరంతో భాగిస్తే చాలు. దూరం ఇంచుల్లో వేసుకోవాలి. ఫోటో చేతిలో పట్టుకుని 12 ఇంచుల దూరం నుంచి చూస్తే 286 పీపీఐ కావాలి. అంటే 300 దగ్గరే. ఆఫ్‌సెట్ ప్రెస్సువాళ్లు వేరే దారిలో అక్కడికే వస్తారు: వాళ్లు ఇంచ్‌కి 150 వరుసల చుక్కలతో అచ్చు వేస్తారు, దానికి రెట్టింపు పిక్సెళ్లు అడుగుతారు. గోడకు తగిలించిన ఫ్రేమ్‌ని రెండడుగుల దూరం నుంచి చూస్తే 143 సరిపోతుంది. ఐదడుగుల నుంచి అయితే 57 చాలు.

కాకపోతే ఇంటికొచ్చిన చుట్టాలు ఐదడుగుల దూరంలో ఆగిపోరు. దగ్గరికొచ్చి, "ఇది మన చిన్నోడేనా" అని వేలు పెట్టి చూస్తారు. అందుకని చేతిలో పట్టుకునేవాటికి 300, గోడ మీది ఫ్రేములకు 150 నుంచి 200 అని పెట్టుకోండి. 12×18 ఫ్రేమ్‌కి 150 లెక్కన 1800×2700 పిక్సెళ్లు చాలు. మామూలు ఫోన్ ఫోటోలో అంతకన్నా ఎక్కువే ఉంటాయి. అసలు ఫైల్ దొరికితే సగం గొడవ లేదన్నది ఇందుకే.

కత్తిరింపు మీరే చేయండి, ల్యాబ్‌కి వదలొద్దు

ఫోన్ ఫోటో 4:3 నిష్పత్తిలో ఉంటుంది. ల్యాబ్‌లో 4×6, 8×12, 12×18 అన్నీ 3:2. కాబట్టి ఫోన్ ఫోటోని తిన్నగా 4×6 వేయమంటే రెండే దారులు: పక్కన తెల్ల పట్టీలు వదలడం, లేదా పైనా కిందా కోసేయడం. ల్యాబ్ మెషీన్ సాధారణంగా కోసేస్తుంది. 4000×3000 ఫోటోలో నిలువున 333 వరుసలు పోతాయి. తొమ్మిదింట ఒక వంతు. మామూలు ఫోటోలో తెలియదు గానీ, గృహప్రవేశం గ్రూప్ ఫోటోలో వెనక వరుస బావగారి తల సగం పోయిందంటే ఆ మాట చాలా ఏళ్లు వినాల్సొస్తుంది.

గింప్‌లో షిఫ్ట్, సీ కలిపి నొక్కితే క్రాప్ టూల్ వస్తుంది. టూల్ ఆప్షన్స్‌లో ఫిక్స్‌డ్ అనే చోట టిక్ పెట్టి, పక్కన యాస్పెక్ట్ రేషియో ఎంచుకుని, కింది గడిలో అడ్డం ఫోటోకైతే 6:4 అని, నిలువు ఫోటోకైతే 4:6 అని కొట్టండి. ఇప్పుడు ఫోటో మీద గీస్తే పెట్టె ఎంత లాగినా ఆ నిష్పత్తిలోనే ఉంటుంది. తలల మీద, కాళ్ల కింద కాస్త ఖాళీ ఉండేలా జరిపి ఎంటర్ కొట్టండి. అంచుల దగ్గర మరీ బిగించకండి. ఫ్రేమ్ చెక్క నాలుగు వైపులా ఫోటోని కొద్దిగా కప్పేస్తుంది, మెషీన్ కటింగ్ కూడా అటూ ఇటూ కాస్త జరుగుతుంది.

క్రాప్ చేశాక ఇమేజ్ ప్రాపర్టీస్ మళ్లీ చూడండి. పిక్సెళ్లు తగ్గాయి కదా, ఇక నుంచి లెక్క ఈ కొత్త అంకెతోనే.

ప్రింట్ సైజ్ డబ్బాలో ఏం చేయాలి

ఇమేజ్ మెనూలో చాలామందిని తికమక పెట్టేవి మూడున్నాయి: ప్రింట్ సైజ్, స్కేల్ ఇమేజ్, క్యాన్వాస్ సైజ్. ప్రింట్ సైజ్ చీటీ మీద అంకె మాత్రమే మారుస్తుంది, పిక్సెళ్లను ముట్టుకోదు. స్కేల్ ఇమేజ్ పిక్సెళ్లనే పెంచుతుంది, తగ్గిస్తుంది. క్యాన్వాస్ సైజ్ ఫోటోని అలాగే ఉంచి చుట్టూ కాగితాన్ని పెంచుతుంది లేదా కోస్తుంది. అవసరం లేనప్పుడు రెండోదాన్ని తాకొద్దు.

మీ దగ్గర 3:2లో క్రాప్ చేసిన 4000×2667 ఫోటో ఉంది, 8×12 వేయించాలి అనుకుందాం. ప్రింట్ సైజ్ తెరవండి. కొలత ఇంచుల్లో పెట్టి, వెడల్పు గడిలో 12 కొట్టి ట్యాబ్ నొక్కండి. ఎత్తు దానంతటదే 8కి వస్తుంది. కింద రిజల్యూషన్ గడుల్లో 333 అని కనిపిస్తుంది. ఎక్స్, వై రెండు గడుల పక్కనున్న గొలుసు గుర్తు తెగకుండా చూసుకోండి. తెగితే ఫోటో ఒక వైపు సాగుతుంది. 333 అంటే 300 కన్నా ఎక్కువే, నిశ్చింతగా ఓకే కొట్టొచ్చు. ఇదే ఫోటోకి వెడల్పు 18 పెడితే 222 వస్తుంది, గోడకు భేషుగ్గా ఉంటుంది. 36 పెడితే 111 వస్తుంది. దూరంగా, సోఫా వెనక గోడకైతే ఒప్పుకోవచ్చు.

గమనించండి, ఇక్కడ రిజల్యూషన్ గడిని మనం ముట్టుకోలేదు. మనకు కావలసిన ఇంచులు కొట్టి, అది ఎంత చూపిస్తుందో చదివాం. మొదట్లో చెప్పిన పొరపాటుకి మందు ఇదే: ఆ అంకెను టైప్ చేయడం మానేసి చదవడం అలవాటు చేసుకోండి.

ఫోటోషాప్‌లో ఈ రెండు పనులకూ ఒకే డబ్బా, ఇమేజ్ సైజ్. ఆల్ట్, కంట్రోల్, ఐ నొక్కితే వస్తుంది. తేడా అంతా రీశాంపుల్ అనే టిక్‌లో ఉంది. అది తీసేస్తే గింప్ ప్రింట్ సైజ్‌లాగే పనిచేస్తుంది: వెడల్పు, ఎత్తు, రిజల్యూషన్ మూడూ ఒకదానికొకటి కట్టేసి ఉంటాయి, ఒకటి మారిస్తే మిగతావి కదులుతాయి. టిక్ ఉండగా 72ని 300 చేశారా, 800×600 ఉన్న చిన్న ఫోటో 3333×2500 అయి కూర్చుంటుంది. చూడ్డానికి పెద్ద ఫైలే గానీ, ఉన్నవాటి మధ్య సాఫ్ట్‌వేర్ ఊహించి పూడ్చిన పిక్సెళ్లే అందులో ఎక్కువ. టిక్ తీసేసి అదే పని చేస్తే 2.67×2 ఇంచులు అని చూపించి నిజం చెప్పేస్తుంది.

తెర మీద చూసి తేల్చుకోవాలంటే ఒక చిన్న లెక్క. 15.6 ఇంచుల ఫుల్ హెచ్‌డీ ల్యాప్‌టాప్ తెరలో ఇంచ్‌కి 141 పిక్సెళ్లుంటాయి. కాబట్టి 300 పీపీఐ ఫోటోని 100 శాతంలో చూస్తే ప్రింట్‌లో వచ్చేదానికి రెట్టింపు పైనే కనిపిస్తుంది, ఆ సైజులో కాస్త మసకగా ఉన్నా భయపడాల్సింది లేదు. జూమ్ 47 శాతం దగ్గర పెడితే తెర మీద సైజు, కాగితం మీద సైజు దాదాపు సమానం. స్కేలు తీసి తెర మీద పెట్టి చూసుకోండి, తప్పేం లేదు.

పిక్సెళ్లు చాలకపోతే

అసలు కష్టం ఇక్కడుంటుంది. ఇంట్లో పెద్దాయన పోయారు. పెద్దకర్మ రోజుకి దండ వేసే ఫోటో కావాలి. ఆయన ఒంటరిగా దిగిన ఫోటో ఒక్కటీ లేదు, ఎవరి పెళ్లిలోనో తీసిన గ్రూప్ ఫోటోలో మూడో వరుసలో ఉన్నారు. టైము లేదు, అందరూ వేరే టెన్షన్‌లో ఉంటారు, ఎవరో ఒకరు ఆ ఫోటోని వాట్సాప్‌లో షాపుకి పంపేస్తారు.

4000×3000 గ్రూప్ ఫోటోలో ఒక మనిషి తల, భుజాల వరకు కత్తిరిస్తే 700×875 పిక్సెళ్లు వచ్చాయనుకుందాం. 8×10 ఫ్రేమ్‌కి అది 87 పీపీఐ. నాలుగడుగుల దూరం నుంచి చూడటానికి కావలసింది 72 కాబట్టి, కుర్చీలో పెట్టి దండ వేశాక ఎదురుగా కూర్చున్నవాళ్లకు బాగానే కనిపిస్తుంది. అదే ఫోటో వాట్సాప్‌లో 1600కి కుదించుకుని వచ్చి ఉంటే కత్తిరించాక 280×350 మిగులుతుంది, 35 పీపీఐ. అక్కడిక చేసేదేం లేదు. ఫోటో తీసినవాళ్లకు ఫోన్ చేసి అసలు ఫైల్ అడగడం, ఈ పరిస్థితిలో ఇబ్బందే అయినా, తర్వాత చేసే ఏ ఎడిటింగ్ కన్నా ఎక్కువ పనిచేస్తుంది.

ఆ 700×875 ముక్కను మెరుగ్గా ప్రింట్ చేయించాలంటే మీరే పెంచి ఇవ్వండి. ఇమేజ్ మెనూలో స్కేల్ ఇమేజ్ తెరిచి, వెడల్పు 1600, ఎత్తు 2000 పెట్టి, ఇంటర్‌పొలేషన్ దగ్గర క్యూబిక్ ఎంచుకోండి. నన్ అని పెడితే ఒక్కో పిక్సెల్ పెద్ద గడిలా ఉబ్బుతుంది, మెట్లు మెట్లుగా కనిపించేది దానివల్లే. ఇలా పెంచితే కొత్త వివరం రాదు, గళ్లు మాత్రం కరిగి మెత్తగా అవుతాయి. తర్వాత ఫిల్టర్స్, ఎన్‌హాన్స్‌లో ఉన్న షార్పెన్ కొద్దిగా వేయండి. కళ్ల చుట్టూ తెల్లటి గీత కనిపించడం మొదలైందంటే ఎక్కువైందని అర్థం. చివర్లో కంటికి కనిపించీ కనిపించనంత నాయిస్, అంటే సన్నని గరుకు, కలిపితే మైనపు బొమ్మలా ఉండే నునుపు పోతుంది. పాత రీటచింగ్ కళాకారుల కిటుకు ఇది.

ఏఐతో పెంచే యాప్‌లు ఇప్పుడు చాలా వచ్చాయి. చెట్లకూ గోడలకూ చీరల అంచులకూ అవి బాగానే పనిచేస్తాయి. ముఖం దగ్గర నాకు ఒప్పుదల లేదు. మసక ముఖంలో లేని వివరాన్ని అవి వేరే వేల ముఖాల నుంచి నేర్చుకున్నదాన్ని బట్టి కల్పిస్తాయి. కనురెప్పలు స్పష్టంగా వస్తాయి, చర్మం నిగనిగలాడుతుంది, కానీ ఆ ముసలాయన మెల్లకన్నూ, పెదవి పక్క గాటూ మాయమైపోతాయి. ఇంటావిడ ఆ ఫోటో ముందు నిలబడి "ఈయనెవరు" అన్నట్టు చూస్తే ఆ ఫోటో ఎందుకు? మసకగా ఉన్నా ఆయన ముఖమే ఉండాలి.

ఆ గ్రూప్ ఫోటో ముక్కను వాడే ముందు ఇంకొకటి ప్రయత్నించండి. బీరువాలో, పాత పాస్‌బుక్కులో, రేషన్ కార్డు కాగితాల మధ్య ఆయన పాస్‌పోర్ట్ సైజు ఫోటో దొరుకుతుందేమో వెతకండి. గ్రూప్ ఫోటో కన్నా అది ఎంతో నయం. స్కానింగ్ దగ్గర డీపీఐ అంకెకు నిజమైన అర్థం ఉంది, ఎందుకంటే అక్కడ ఆ అంకె ప్రకారమే పిక్సెళ్లు పుడతాయి. 35×45 మిల్లీమీటర్ల ఫోటోని 300లో స్కాన్ చేస్తే 413×531. 1200లో చేస్తే 1653×2126, అంటే 8 ఇంచుల వెడల్పుకి దాదాపు 207 పీపీఐ. అంతకు మించి పెంచితే కాగితం గరుకు తప్ప ఇంకేం రాదు. నెగెటివ్ దొరికితే అదృష్టమే: ఫిల్మ్ స్కానర్ ఉన్న చోట 2400లో తీయిస్తే 24×36 మిల్లీమీటర్ల ముక్క నుంచి సుమారు 2268×3402 వస్తాయి, 8×12కి 283 పీపీఐ. స్కానర్ అందుబాటులో లేకపోతే ఫోటోని నీడలో బల్ల మీద పరిచి, ఫ్లాష్ ఆపి, ఫోన్ వంకర లేకుండా పైన సమానంగా పట్టుకుని తీయండి. డాక్యుమెంట్ స్కానింగ్ యాప్‌లు మాత్రం వాడకండి. కాగితం తెల్లగా, అక్షరం నల్లగా రావడానికి చేసిన యాప్ ముఖాన్ని కూడా అలాగే చేస్తుంది.

అప్లికేషన్‌లకు అడిగే సైజులు

ఇక్కడ కాగితం లేదు కాబట్టి పీపీఐతో పనే లేదు, పిక్సెళ్లూ కేబీలే చూస్తారు. ఐబీపీఎస్ బ్యాంకు పరీక్షల ఫోటోకి 200×230 పిక్సెళ్లు, 20 నుంచి 50 కేబీ. సంతకానికి 140×60, 10 నుంచి 20 కేబీ. అమెరికా వీసా ఫారానికి చదరంగా, 600×600 నుంచి 1200×1200 మధ్య, 240 కేబీ దాటకుండా ఉండాలి. ఆ ఫోటో కాగితం సైజు 2×2 ఇంచులు, దాన్ని 300తో గుణించి చూడండి, 600 ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది.

చేయాల్సిన వరుస: ముందు ఆ నిష్పత్తిలో క్రాప్, తర్వాత స్కేల్ ఇమేజ్‌లో ఆ పిక్సెళ్లు, ఆఖర్న కేబీలు. ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ యాజ్ నొక్కి జేపెగ్ ఎంచుకుంటే క్వాలిటీ స్లైడర్ వస్తుంది. అక్కడే షో ప్రివ్యూ టిక్ పెడితే ఫైల్ ఎన్ని కేబీ అవుతుందో కనిపిస్తుంది, అడిగిన అంకెలోకి వచ్చేదాకా స్లైడర్ జరపండి. ఒకసారి కుదించిన ఫైల్‌ని మళ్లీ పెంచి ఇంకో అప్లికేషన్‌కి వాడకండి. ప్రతిసారీ పెద్ద ఫైల్ నుంచి మొదలుపెట్టండి.

ఫ్లెక్సీ సంగతి

పది అడుగులు, ఆరడుగుల ఫ్లెక్సీని 300లో చేయాలంటే 36000×21600 పిక్సెళ్లు కావాలి. షాపులో కంప్యూటర్ అక్కడే ఆగిపోతుంది. ఫ్లెక్సీ డిజైన్లు అసలు సైజులో 72 దగ్గర చేస్తే ధారాళంగా సరిపోతుంది. పది అడుగుల దూరం నుంచి చూసే బ్యానర్‌కి మన సూత్రం ప్రకారం 29 చాలు. 4000 పిక్సెళ్ల వెడల్పున్న ఫోన్ ఫోటోని 120 ఇంచులకు పరిస్తే 33 వస్తుంది. అంటే పుట్టినరోజు ఫ్లెక్సీ మొత్తానికి ఒక్క ఫోన్ ఫోటో నిజంగానే సరిపోతుంది, అసలు ఫైల్ ఇస్తే.

అక్షరాల సంగతి వేరు. పేర్లూ శుభాకాంక్షలూ ఫోటోలో కలిపేసి జేపెగ్ చేసి ఇవ్వొద్దు. తెలుగు అక్షరానికి వొత్తులూ సుడులూ సన్నగా ఉంటాయి, ముందు మసకబారేవి అవే. "క్ష్మి" కింద ఏముందో తెలియని ఆహ్వానపత్రికలు మీరూ చూసే ఉంటారు. ఫోటో విడిగా ఇచ్చి, అక్షరాలు షాపువాళ్ల డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోనే కొట్టించండి, లేదా పీడీఎఫ్ ఇవ్వండి. అప్పుడు అక్షరం గీతల రూపంలోనే ఉండి ఎంత పెంచినా అంచు పదునుగా ఉంటుంది.

ల్యాబ్‌కి ఇచ్చే ముందు

ఎడిటింగ్ పనంతా గింప్ సొంత రకమైన ఎక్స్‌సీఎఫ్‌లో ఒకటి సేవ్ చేసుకోండి. ల్యాబ్ కోసం జేపెగ్ ఒక్కసారి మాత్రం, క్వాలిటీ 92 నుంచి 95 మధ్య పెట్టి ఎక్స్‌పోర్ట్ చేయండి. జేపెగ్‌ని తెరిచి సేవ్ చేసిన ప్రతిసారీ కాస్త కాస్త పోతుంది. ఫైల్ పేరులోనే సైజు రాయండి, "నాన్నగారు 12×18 మ్యాట్" అన్నట్టు. కౌంటర్‌లో చెప్పిన మాట మెషీన్ దగ్గరికి చేరదు గానీ, ఫైల్ పేరు చేరుతుంది. ఆటో కరెక్షన్ వద్దని చెప్పండి. మీరు సరిచేసిన ముఖం రంగుని మెషీన్ ఇంకోసారి సరిచేస్తే ఎర్రబడుతుంది.

పెద్ద సైజు వేయిస్తుంటే ముందు ఒక పరీక్ష ప్రింట్ తీయించండి. 12×18కి సిద్ధం చేసిన ఫైల్ తెరిచి, దాని పీపీఐ ఎంతో చూడండి. 222 అయితే, 6×4 ఇంచులకు 1332×888 పిక్సెళ్లు. క్రాప్ టూల్‌లో ఫిక్స్‌డ్ దగ్గర ఈసారి సైజ్ ఎంచుకుని ఆ అంకెలు పెట్టి, ముఖం ఉన్న చోట అంత ముక్క కోసి, వేరే పేరుతో ఎక్స్‌పోర్ట్ చేసి మామూలు 4×6 ప్రింట్ వేయించండి. పెద్ద ఫోటోలో ముఖం ఎంత స్పష్టంగా వస్తుందో అచ్చం అంతే ఆ ముక్కలో కనిపిస్తుంది. గోడకు ఆనించి, ఫ్రేమ్ ఎక్కడి నుంచి చూస్తారో అక్కడ నిలబడి చూడండి. నచ్చితే 12×18 ఆర్డర్ ఇవ్వండి, లేదంటే 8×12కి దిగండి.